అలికిడి

మా గోదావరి జిల్లాల్లో క్రిస్మస్ ఎప్పుడు అయిపోతుందని అడిగితే సరైన జవాబు: ముక్కనుమ నాడు. చర్చి పంచాంగం అలా చెప్పదు. డిసెంబరు 25 నుంచి పన్నెండు రోజులు లెక్కపెట్టి, జ్ఞానులు బాలయేసును చూసిన రోజని జనవరి 6న పండగ కాలానికి తెర దించుతుంది. మావాళ్ళు ఆ లెక్క వింటారు, తలూపుతారు. గుమ్మానికి కట్టిన నక్షత్రాన్ని మాత్రం దించరు. కారణం భక్తి అనుకునేరు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు ఎలాగూ సంక్రాంతికి దిగుతారు, వాళ్ళు చూడాలి కదా. క్రిస్మస్‌కి సెలవు దొరకని మా తమ్ముడి కొడుకు భోగి నాడు వచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని, కనుమ దాటగానే బస్సెక్కేస్తాడు. వాడి కోసం ఆ వెదురుబద్దల నక్షత్రం మూడు వారాలు గాలికి ఊగుతూ ఉంటుంది.

అన్నాళ్ళూ చెవులకి సెలవు లేదు. డిసెంబరు నడిమికి ధనుర్మాసం పడుతుంది. తెల్లవారుజామునే రామాలయం మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అది ఆగీ ఆగకముందే పేటలో మా గుడి మైకు అందుకుంటుంది. (మా పల్లెల్లో క్రైస్తవులమూ గుడి అనే అంటాం. చర్చి అన్నది టౌను మాట.) ఈలోగా హరిదాసు చిడతలు. రాత్రయితే కేరల్స్ కుర్రాళ్ళు. ఒకప్పుడు డప్పు, హార్మోనియం ఉండేవి, ఇప్పుడు ట్రాక్టరు మీద డీజే. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మా నాన్న తొడ మీద తాళం వేసుకుంటూ వాటిని పాడేవాడు. డీజేకి అన్ని రాగాలూ ఒకటే, తాళమూ ఒకటే. డిసెంబరు 31 అర్ధరాత్రి వాచ్‌నైట్, బాణసంచా. తరవాత భోగి మంటలు, కోడిపందాల బరుల దగ్గర లైట్లు, మైకులు. దేవుడు మనుషుల మధ్యకి వచ్చాడన్న వార్తని అంత గోలలో మోసుకెళ్ళే మేము, ఆ వచ్చినాయన ఏమైనా మాట్లాడితే వినపడే వీలు ఎక్కడా ఉంచం.

ముక్కనుమ మర్నాడు ఊరు ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. బస్సులన్నీ వెళ్ళిపోయి ఉంటాయి. గుళ్ళో నిలబెట్టిన సరుగుడు కొమ్మ ఎప్పుడో ఎండి, ముట్టుకుంటే జలజలా రాలిపోతుంది. దానికి చుట్టిన రంగు కాగితాలు సంచిలో కట్టి అటక మీద పడేస్తారు. ప్రభువు బల్ల మీద పండగ నాటి తెల్లగుడ్డ ఎప్పుడో తీసేసి పచ్చగుడ్డ పరిచేసి ఉంటారు. లూథరన్ గుళ్ళలో పండగ రంగు తెలుపు, మామూలు రోజుల రంగు పచ్చ. బయట పొలాల్లో కూడా అప్పుడే దాళ్వా నాట్లు పడి పచ్చ తిరుగుతూ ఉంటుంది. ఎవరూ కావాలని కుదిర్చింది కాదు, కానీ నాకు ఎప్పుడూ బాగుంటుంది.

ఆ పూటే నాకు ఈ మాట గుర్తొస్తుంది. అలికిడి.

గుళ్ళో వినే మాట వేరు. అక్కడ సన్నిధి అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ప్రార్థనల్లో వింటాను, శుభలేఖల మీద చదువుతాను, కొత్త ఇంటి గుమ్మం మీద పాలరాతిలో చెక్కించి ఉండగా చూస్తాను. మంచి మాటే. అయితే అది పట్టుబట్ట కట్టుకుని వచ్చిన మాట. ఎదురుపడితే లేచి నిలబడాలనిపిస్తుంది గాని పక్కన చతికిలబడి బఠాణీలు వలవాలనిపించదు. యాభై ఏళ్ళు దాటాయి, దేవుడి సన్నిధిని అనుభవించావా అని ఎవరైనా నిలదీస్తే ఇప్పటికీ నీళ్ళు నములుతాను. అలికిడి విన్నావా అంటే మాత్రం కాస్త ఆలోచిస్తాను.

తెలుగులో చప్పుడు వేరు, అలికిడి వేరు. తలుపు దానంతటది గాలికి కొట్టుకుంటే చప్పుడు. ఆ తలుపునే ఎవరో మనకి నిద్రాభంగం కాకూడదని మెల్లిగా వేయబోతే అయ్యేది అలికిడి. చప్పుడు వింటే ఏమిటది అని అడుగుతాం. అలికిడి వింటే ఎవరది అంటాం. చెవిలో పడ్డది రవ్వంతే, దాని వెనక ఒక మనిషి ఉన్నాడని మాత్రం తెలిసిపోతుంది. మనిషి కనపడకపోయినా ఇంట్లో ఉన్నాడని తెలియడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఒక చిక్కుంది. అది పిల్లి కూడా కావచ్చు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు నయం.

మా అమ్మ లేసు అల్లేది. ఆవిడ పుట్టిల్లు నర్సాపురం పక్క. అక్కడ లేసు అల్లని ఇల్లు ఉండేది కాదు. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని. చివర కొక్కెం ఉన్న సన్నటి సూది, తెల్ల దారం, అంతే సరంజామా. పొద్దున్న వంట, మధ్యాహ్నం చాకిరీ ముగించుకుని, అందరూ పడుకున్నాక గోడకి జారబడి కూర్చునేది. లేసు అల్లడంలో చప్పుడన్నది లేదు. కుట్టుమిషనుకైనా ఉంటుంది, దీనికి లేదు. కానీ దారపు ఉండ మట్టి కాకుండా ఒక స్టీలు గిన్నెలో వేసుకునేది. నాలుగైదు ముడులకోసారి దారం లాగినప్పుడు ఉండ గిన్నెలో అర చుట్టు దొర్లి ఆగేది. డుర్... మళ్ళీ కాసేపు ఏమీ లేదు. మళ్ళీ డుర్...

మేం ముగ్గురు పిల్లలం ఆ గిన్నె వింటూ నిద్రపోయాం. విన్నాం అని కూడా అనలేను. అది వినిపిస్తున్నట్టు మాకు తెలియదు. ఆగిపోతేనే తెలిసేది. దారం అయిపోయో, కన్ను అంటుకునో అమ్మ చెయ్యి ఆగితే, నిద్రలోంచి నేను ఠక్కున లేచి చూసేవాణ్ణి. ఏరా, పీడకలా అనేది. కాదు. గిన్నె ఆగింది, అందుకు లేచాను. ఇది అప్పట్లో చెప్పడం రాలేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం వేసింది. వీళ్ళు అల్లిన సరుకు సముద్రాలు దాటి పోతుంది, బేరగాళ్ళకి లాభాలొస్తాయి, వీళ్ళని మాత్రం ఖాళీ వేళల్లో ఊసుపోక అల్లుకునే ఇంటి ఇల్లాళ్ళ కింద జమకట్టి పనివాళ్ళుగా ఎవరూ లెక్కెయ్యలేదన్నది ఆవిడ గొడవ. ఆ పుస్తకం నాకు ఆలస్యంగా, రాజమండ్రిలో ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో దొరికింది. చదువుతుంటే సిగ్గేసింది. మా నాన్న కూడా 'మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది' అనేవాడు. ఆ ఇంట్లో ఉన్నావిడ లేసు డబ్బులతోనే నా డిగ్రీ ఫీజు కట్టారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు, లేసుకి గుర్తింపు వచ్చింది సరే, గిన్నె దగ్గర కూర్చున్న మనిషికో అనుకున్నాను. ఇది దేవుడి గురించిన వ్యాసం, కూలి గురించి కాదు అంటారేమో. నాకు ఆ రెండూ అంత దూరంగా అనిపించవు. ఇల్లంతా ఎవరి మీద నడుస్తోందో ఆ మనిషే ఎవరి లెక్కలోనూ లేకపోవడం అన్నది నేను మొదట అమ్మ దగ్గరే చూశాను.

అమ్మ పుట్టింటివాళ్ళు బ్రదరెన్ వాళ్ళు. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అని ఇద్దరు, చేతిపనులు చేసుకు బతికిన మనుషులు, భార్యలతో సహా ఓడెక్కి ఈ దేశం వచ్చారు. తరవాత నర్సాపురం ప్రాంతానికి చేరి పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అంటే అదే. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే ఆ దంపతులు వచ్చిన డెల్టా, మనం ఇప్పుడు చూసే ఈ పచ్చటి డెల్టా కాదు. ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ.

ఆ శాఖవాళ్ళకి అయ్యగారు ఉండడు, పండగల పట్టిక ఉండదు. ప్రతి ఆదివారం కూర్చుని రొట్టె విరుస్తారు. మా తాతయ్య ఇంట్లో క్రిస్మస్ నాడు నక్షత్రం లేదు, కేకు లేదు. ఏం తాతయ్యా అంటే, 'ఆయన ఒక రోజు వచ్చి వెళ్ళిన చుట్టమా, పండగ చెయ్యడానికి? ఇంట్లో మనిషికి పండగేంట్రా' అనేవాడు. మాకు ఆ మాట పరమ పిసినారితనంగా వినిపించేది. మా నాన్నది లూథరన్ ఇల్లు. అక్కడ ఆగమన కాలం నాలుగు ఆదివారాలు, క్రిస్మస్, వాచ్‌నైట్, శ్రమకాలం నలభై రోజులు, మట్టలాదివారం, అన్నీ ఉంటాయి. నేను సహజంగానే నాన్న పక్షం. కేకు ఉన్న పక్షం.

అమ్మ మాత్రం పెళ్ళై మా గుడికి వచ్చినా పుట్టింటి గుణం పోగొట్టుకోలేదు. మా స్త్రీల సమాజం కూడికల్లో సాక్ష్యాలు చెప్పుకునే వేళ ఒకటి ఉంటుంది. ఆ సాక్ష్యాలు విన్నవాళ్ళకి తెలుసు, అన్నిటికీ ఒకటే దారి. లారీ మీదకొచ్చి తృటిలో తప్పిపోయింది, స్తోత్రం. డాక్టర్లు ఆశ వదులుకున్నారు, లేచి కూర్చున్నాడు, స్తోత్రం. నేను వీటిని ఎగతాళి చెయ్యను. లారీ తప్పిపోయినవాడికి ఆ క్షణం ఎంత పెద్దదో నాకు తెలుసు. కానీ లారీ అసలు ఆ రోడ్డుకే రాని రోజులు ఎన్ని? వాటికి సాక్ష్యం ఎవరు చెబుతారు? ఒక నెల అమ్మ వంతు వచ్చింది. లేచి, కొంగు సర్దుకుని, 'ఈ నెల మా ఇంట్లో ఏం జరగలేదమ్మా. స్తోత్రం' అని కూర్చుంది. అందరూ నవ్వారు. అయ్యగారి భార్య, అమ్మగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. అమ్మకి నవ్వెందుకో అర్థం కాలేదు. ఇంటికొచ్చాక కూడా, 'నిజమే కదా, ఏం జరిగిందీ?' అంది.

ఆదికాండం మూడో అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ నవ్వు గుర్తొస్తుంది. చల్లపూట తోటలో దేవుడు నడుస్తున్న సడి ఆదాము హవ్వలకి వినిపిస్తుంది, వాళ్ళు చెట్ల చాటుకి పోతారు. అయ్యగార్లు ఆ చోట పాపం గురించి చెబుతారు, చెప్పాల్సిందే. నా ధ్యాస మాత్రం ఆ అడుగుల మీదే ఉంటుంది. ఆ సడి దేవుడిదని వాళ్ళకి ఎలా తెలిసింది? చూడకముందే, పిలవకముందే పోల్చుకున్నారంటే అంతకుముందు ఎన్నిసార్లు విని ఉండాలి! ఎన్ని సాయంత్రాలు ఆయన అలా తోటలోకి వచ్చి నడిచి ఉండాలి! అవి పుస్తకంలో లేవు. ఏ గొడవా జరగని సాయంత్రాన్ని ఎవరు రాసిపెట్టుకుంటారు? అమ్మ సాక్ష్యంలాంటివే అవి కూడా. ఇంకో సంగతి. అలికిడి ఎప్పుడూ హాయిగానే ఉంటుందని లేదు. దొంగతనంగా అరిసెల డబ్బా మూత తీస్తున్నవాడికి వంటింటి వైపు అడుగుల అలికిడి ఎలా ఉంటుందో ఆ చెట్ల చాటు ఇద్దరికీ అలాగే ఉండి ఉంటుంది.

హోరేబు కొండ మీద ఏలీయాకి గాలిలో కాదు, భూకంపంలో కాదు, నిప్పులో కాదు, వాటి తరవాతే దేవుడు వినబడ్డాడన్న కథ ఇక్కడ చెప్పాలి. ఏటా జనవరిలో ఎవరో ఒకరు ఆ కథ మీద ప్రసంగం చేస్తారు కాబట్టి నేను వదిలేస్తాను.

పారిస్‌లో 17వ శతాబ్దంలో ఒక మఠం వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్స్ గురించి క్రైస్తవ ప్రపంచంలో చాలామంది విన్నదే. అంట్లగిన్నెల మధ్య కూడా గుళ్ళో ఉన్నంత దగ్గరగా దేవుడితో ఉన్నాడని ఆయనకి పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కొంచెం ఒళ్ళుమంట. వంటిల్లు పవిత్రమైందని చెప్పడానికి మగవాడొకడు వెళ్ళి అక్కడ కొన్నేళ్ళు నిలబడాలన్నమాట! మా పెద్దమ్మలూ పిన్నులూ పొగలో తగలేసుకున్న కళ్ళ గురించి ఎవరూ పుస్తకం వెయ్యలేదు. తరవాత ఆయన గురించి కాస్త వివరంగా చదివితే ఆ కోపం తగ్గింది. సైన్యంలో దెబ్బ తగిలి కుంటివాడయ్యాడు. వంటపనంటే స్వతహాగా గిట్టదు. గిట్టని పనిలోనే ఏళ్ళు గడిపాడు. ఒకసారి మఠం వాళ్ళు ఆయన్ని వైను కొనడానికి బుర్గుండీ పంపారు. బేరం చెయ్యడం రాదు, కాలు లేవదు. పడవలో అటునుంచి ఇటు రావాలంటే పీపాల మీద దొర్లుకుంటూ రావాల్సి వచ్చింది. ఆ దృశ్యం నాకు ఆయన ప్రార్థనలన్నిటికంటే ఎక్కువ నచ్చింది. మన పాపికొండల లాంచీలో ఒక ముసలి సన్యాసి సరుకుల బస్తాల మీదుగా దొర్లుకుంటూ వెళ్తున్నట్టు ఊహించుకోండి. అంత అవస్థలోనూ తాను చేస్తున్న పని దేవుడిదేనని ఆయనకి నమ్మకం. సరుకూ బాగానే కొనుక్కొచ్చాడట.

ఇంతవరకూ బాగుంది. బాగులేని చోటు ఇప్పుడు చెప్పాలి.

అమ్మ ఆఖరి జబ్బు కూడా జనవరిలోనే. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. అప్పటికి రెండు కళ్ళకీ చూపు బాగా తగ్గిపోయి, మనుషుల్ని అడుగుల్ని బట్టి పోల్చుకునేది. వరండాలో నేను ఇంకా నాలుగు మంచాల దూరంలో ఉండగానే 'పెద్దోడా?' అనేది. ఆ పదకొండు రాత్రులూ నేను ప్రార్థన చేశాను. నాకు చేతనైనట్టే చేశాను. ఏ అలికిడీ లేదు. నిజంగా లేదు. సెలైను స్టాండు చక్రం కిర్రుమనడం విన్నాను, పక్కమంచం ఆయన దగ్గు విన్నాను. ఎవరో ఆడమనిషి ఫ్లాస్కు మూత బిగిస్తున్న శబ్దం, దూరంగా రైలు. ఒక తెల్లవారుజామున బల్ల మీద కునుకు తీసి లేచేసరికి నా మీద ఎవరిదో దుప్పటి ఉంది. ఎవరు కప్పారో తెలియలేదు. అడిగితే ఎవరూ మేమే అనలేదు. తరవాత ఈ సంగతి విన్న బంధువులు, 'ఇంకేం, ఆయనే కదా' అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ దుప్పటికి తెల్ల నీలం గళ్ళున్నాయి, మూల చిరుగుంది, అది ఎవరో ఒక మనిషిది. ఆ మనిషి చేసిన మంచిని లాక్కుని దేవుడి ఖాతాలో వెయ్యడం నాకు మర్యాదగా అనిపించదు. ఆ మనిషి వెనక ఇంకెవరైనా ఉన్నారా అంటే, ఆ రాత్రికి నాకు తెలియలేదు. తెలిసినట్టు రాస్తే అమ్మ సాక్ష్యానికి మచ్చ.

పన్నెండో రోజు అమ్మ ఇంటికొచ్చింది. ఆ వచ్చిన రోజే పోయింది.

ఆ వారం ఇంటినిండా మనుషులు. కీర్తనలు పాడారు, అన్నాలు వండారు. ముక్కనుమ మర్నాటిలాగే వాళ్ళూ ఒక రోజు వెళ్ళిపోయారు. ఆ రాత్రి నేను పడుకుని, ఠక్కున లేచి కూర్చున్నాను. ఎందుకు లేచానో కాసేపటికి గాని తెలియలేదు. గిన్నె ఆగింది. నిజానికి అది ఆగి ఏడేళ్ళయింది, కళ్ళు పోయినప్పుడే ఆవిడ సూది పక్కన పెట్టేసింది. అయినా ఆ రాత్రి ఆగింది. అన్నేళ్ళూ నాకు తెలియకుండానే వింటూనే ఉన్నాననేగా దానర్థం?

అప్పటి నుంచి నాకు దేవుడి గురించి ఒక అనుమానం. అనుమానం అనే అంటాను, విశ్వాసం అనడానికి ఇంకా ధైర్యం చాలదు. నేను ఆయన అలికిడి కోసం చెవి రిక్కించి కూర్చోవడంలోనే ఏదో పొరపాటుందేమో. గిన్నెని నేను ఎప్పుడూ చెవి రిక్కించి వినలేదు. అది ఉన్నంతసేపు నిద్రపోయాను. పసివాడు తల్లి ఇంట్లో ఉందన్న సంగతిని ఎలా అనుభవిస్తాడు? నిద్రపోయి. ఆస్పత్రిలో ఆ పదకొండు రాత్రులూ నేను నిద్రపోకుండా వెతికాను. వంటింట్లో అమ్మ ఉందా లేదా అని గంటకోసారి లేచి చూసేవాడికి ఆవిడ ఎదురుగా ఉన్నా మనసు కుదుటపడదు. ఇది వాదనగా నిలుస్తుందో లేదో నాకు తెలియదు. నా తమ్ముడు విని, 'అన్నయ్యా, నిద్రపోయేవాడిదే భక్తి అంటే మన గుళ్ళో మహాభక్తులు చాలామందే ఉన్నారు, ప్రసంగం టైములో చూడు' అన్నాడు.

ఇంకోటి కూడా ఉంది. 'పెద్దోడా?' అని అడిగింది అమ్మ. చూపులేని ఆవిడ నా అడుగులు వినేది. ఏదెను తోటలో కూడా ఎక్కడున్నావని అడిగింది ఆదాము కాదు కదా. నేను ఎంతసేపూ ఆయన అలికిడి వినాలనే ఆరాటపడ్డాను గాని, మంచం దిగగానే గచ్చు మీద నా అరికాళ్ళ చప్పుడు ఎవరైనా వింటున్నారా అన్న ఆలోచన అంతకుముందు రాలేదు. వచ్చాక, ఉదయం కాఫీ పెట్టుకునేటప్పుడు గిన్నెలు కొంచెం మెల్లిగా పెడుతున్నాను. ఆ స్టీలు గిన్నెలో ఇప్పుడు మా ఆవిడ పెరుగు తోడుపెడుతుంది. దాన్ని మాత్రం గట్టు మీద పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను.

అమ్మ గురించి ఇంకొక్కటి చెప్పాలి. ధనుర్మాసంలో హరిదాసు ఊరంతా తిరిగి మా పేట మలుపు దాకా వచ్చి వెనక్కి మళ్ళేవాడు. ఆ మలుపు దగ్గరే ఎందుకు మళ్ళేవాడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అమ్మ వంటకి బియ్యం కొలిచేటప్పుడు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి గుడి కానుకకని డబ్బాలో వేసేది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్ళు 1910 నుంచీ ఇలాగే పిడికెడు బియ్యం తీసి వాళ్ళ చర్చిని నడుపుతున్నారని పెద్దయ్యాక చదివాను. అమ్మకి మిజోరం ఎక్కడుందో తెలియదు. చిడతల చప్పుడు మలుపు దాకా రాగానే ఆ డబ్బాలోంచే దోసెడు తీసుకుని, చెంగు కప్పుకుని, మంచులో నడిచి వెళ్ళి ఆయన పాత్రలో పోసొచ్చేది. గుడి బియ్యం కదే అని నాన్న ఒకసారి అంటే, 'అంత పొద్దున్నే మంచులో పాడుకుంటా వచ్చాడు. ఉత్తచేతుల్తో పంపుతామా' అంది. హరిదాసు మొహం ఆవిడ సరిగ్గా చూసిందో లేదో. చిడతలు వినేది, లేచేది.

కిందటి జనవరి నెలాఖర్న మావయ్య దగ్గరికి వెళ్ళాను. అమ్మకి ఆఖరి తమ్ముడు, డెబ్భై దాటాయి, ఇంకా రెండెకరాలు కౌలుకి చేస్తాడు. కాలువ శివారు పొలం. నీళ్ళు తక్కువున్న ఏడు దాళ్వాకి వంతులు పెడతారు. వంతు ఏ వేళకి వస్తే ఆ వేళకి పోవాలి. మావయ్య వంతు రాత్రి రెండింటికి. నువ్వెందుకురా చలిలో అన్నాడు గాని, వస్తానంటే కాదనలేదు. తువ్వాలు తలకి చుట్టుకుని, పార భుజాన వేసుకుని ముందు నడిచాడు. గట్టు మీద మంచు. ఎక్కడో ఆనకట్ట లాకుల దగ్గర ఎవరో తలుపులు ఎత్తితే, పెద్ద కాలువ, పిల్లకాలువ, బోదె దాటి ఇక్కడిదాకా రావాలి ఆ నీళ్ళు. మధ్యలో ఎంతమంది లస్కర్లు, ఎంతమంది రైతులు, ఎన్ని దొంగ గండ్లు!

బోదె దగ్గరికి చేరేసరికి అది ఎండిపోయి ఉంది. మావయ్య టార్చి వేసి చూసి, ఆర్పేశాడు.

'రాలేదు కదా' అన్నాను.

'ఉండెహె' అన్నాడు.

గట్టు మీద కూర్చున్నాం. కీచురాళ్ళు అరుస్తున్నాయి. ఎక్కడో కుక్క. నాకు చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. పది నిమిషాలో, పావుగంటో. మావయ్య తలమీద తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు, చెవులు కప్పేస్తోందని కాబోలు. ఇంకాసేపటికి చెయ్యి పైకెత్తి నన్ను ఆగమన్నాడు. నేను మాట్లాడటం లేదు, అయినా ఆగమన్నాడు.

'వచ్చేసిందిరా' అన్నాడు.

టార్చి వేసి చూశాను. బోదెలో నెర్రెలు, ఒక ఎండిన ఆకు. నాకు కీచురాళ్ళు తప్ప ఏమీ వినిపించలేదు. మావయ్య అప్పటికే పార తీసుకుని మడి తూము తియ్యడానికి గట్టు దిగిపోయాడు.